మిరపపండు రంగు బండి

కుట్టుగది, మేడమీద
ఎండలు ముదిరిన వారం

తమ్ముడూ,

ఈ సంగతి ఫోన్లో చెప్పలేదని అలగకు. ఫోన్లో అయితే నేను రెండో మాట ఎత్తేలోపే నువ్వు "అక్కా, ముందు నా మాట విను" అంటావు. ఉత్తరానికి ఆ బెడద లేదు. నోరు మూసుకుని చివరిదాకా చదవాల్సిందే.

నేను కారు కొన్నాను.

కూర్చునే చదువుతున్నావు కదా? అయితే ఇంకోటి కూడా విను. నాకు డ్రైవింగ్ వచ్చు. లైసెన్సు చేతికొచ్చింది. చలికాలమంతా పొద్దున్నే "నడకకు వెళ్తున్నా" అని ఇంట్లోంచి బయటపడింది డ్రైవింగ్ స్కూలుకే. మీ బావకు కూడా తెలీదు. ఇంత నడుస్తున్న మనిషికి కాళ్లు నొప్పి పుట్టకుండా భుజాలు నొప్పి పుడతాయేమిటా అని పాపం ఆయన చాలా ఆలోచించారట.

ఎందుకు కొన్నావని అడుగుతావు. కర్టెన్లు కుట్టడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదురా. వాటిని తీసుకెళ్లడమే కష్టం. ఆటోలో పెడితే రాడ్లు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. వ్యాను మాట్లాడితే అతను వచ్చినప్పుడు వచ్చినట్టు, లేనప్పుడు లేనట్టు. పోయిన వానల్లో ఒక డాక్టరుగారింటికి పని ఒప్పుకున్నాను. వ్యాను అతను నన్నూ నా మూటల్నీ వాళ్ల వీధి చివర దించేసి, ఇంకో బేరం ఉందని వెళ్లిపోయాడు. అంతలోనే వాన. గుడ్డ మీద పైట కప్పి నేను తడుస్తూ నిలబడ్డాను. ఆ ఇంటావిడ కర్టెన్లు లేని కిటికీలోంచి నన్ను చూస్తోంది. నేను ఆవిణ్ణి చూస్తున్నాను. మధ్యలో తెర లేదు కదా, ఇద్దరికీ తప్పలేదు. గుడ్డ పాడైంది, పని ఇంకెవరికో పోయింది. ఆ రోజే అనుకున్నాను, నా మూటలు నేనే మోసుకెళ్తానని.

అన్నిటికన్నా చిన్న బండి. పెట్రోలుది. అందులోనూ బేస్ మోడల్. మా స్తోమతకు అందింది అదే, నా పనికి సరిపోయేదీ అదే. షోరూమ్‌లో కుర్రాడు పై మోడల్ కొనిపించాలని చాలా తంటాలు పడ్డాడు. "ఇందులో పాటలు రావు మేడమ్" అన్నాడు. నేను పాడుకుంటాలే అన్నాను. వాడు మైలేజీ గురించి చెబుతుంటే నేను సంచిలోంచి టేపు తీసి, వెనక సీటు మడిపించి, డిక్కీ తలుపు దగ్గర్నుంచి ముందు అద్దం దాకా కొలిచాను. నా పెద్ద రాడ్డు ఏటవాలుగా పట్టింది. ఇంక చెప్పకు బాబూ, బిల్లు రాయి అన్నాను.

రంగు మిరపపండు రంగు. మీ బావ తెలుపు తీసుకోమన్నారు, అదైతే ఎవరి కంటా పడదట. కంటపడకుండా ఉండటానికి కాదు నేను కొన్నది అన్నాను.

వచ్చే నెల బండి ఇంటికొస్తుంది. జీవితమంతా బస్సు తోలినవాడివి. నువ్వొచ్చి నా పక్కన కూర్చోవాలి. సెలవు పెట్టు.

నీ అక్క


డిపో వెనక వీధి
సోమవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. మీ మరదలు చదివి నవ్విన నవ్వుకు పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

పెట్రోలు బండి తీసుకున్నావు, అది తెలివైన పని. ఊళ్లో ఆగుతూ ఆగుతూ, దగ్గర దగ్గర తిరిగేదానికి అదే మేలు. మిగతాదంతా నాకు నచ్చలేదు.

బస్సులో డ్రైవరు సీటు ఎంత ఎత్తులో ఉంటుందో నీకు తెలుసు. అక్కణ్ణుంచి చూస్తే నీ బండిలాంటి వాటికి పైకప్పు తప్ప ఇంకేమీ కనిపించదు. సందు దొరికితే చాలు, చీమల్లా దూరతాయి. వాటిని తిట్టీ తిట్టీ నా నోరు పాడైంది. ఇప్పుడు మా అక్క కూడా ఆ చీమల్లో చేరింది.

ప్రమాదం ఎదురుగా రాదక్కా, పక్కనుంచి వస్తుంది. పక్కనుంచి వచ్చేది కనబడాలి. అది అందరి వల్లా కాదు. ఈ వయసులో నీకెందుకీ పంతం? కొన్నావు సరే, డ్రైవర్ని పెట్టుకో. వెనక కూర్చుని దర్జాగా వెళ్లు.

నేను రావడం కుదరదు. డిపోలో పని ఎక్కువగా ఉంది.

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు


కుట్టుగది
తొలి వాన పడిన మర్నాడు

తమ్ముడూ,

నీ సలహా అందింది. నీ బస్సుకు ఇంకెవర్నో డ్రైవరుగా పెట్టి, నిన్ను వెనక సీట్లో కూర్చోమంటే నీకెలా ఉంటుంది? నాకూ అలాగే ఉంది. ఇంక ఆ మాట ఎత్తకు.

బండి వచ్చింది. వీధి మలుపు తిరిగి అది వస్తుంటే మా వీధికే బొట్టు పెట్టినట్టుందిరా. కిటికీలు చేత్తో తిప్పుకోవాలి. తలుపు వేస్తే పెద్ద కార్లలా బరువుగా మూసుకోదు, రేకు డబ్బా మూత పడ్డట్టు టప్పున పడుతుంది. నాకు ఆ చప్పుడే ఇష్టంగా ఉంది. కింద వాటాలో ఉండే టైపు మాస్టారుగారు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఎవరు నడుపుతారమ్మా?" అని అడిగారు. నేనే అన్నాను. ఆయన మళ్లీ ఓ చుట్టు తిరిగి, ఈసారి బండిని కాదు, నన్ను చూశారు.

మీ బావ పక్కన కూర్చుంటారు. పెళ్లినాటి నుంచి నా మాటకు అడ్డు చెప్పని మనిషి కదా, ఇప్పుడు కూడా చెప్పరు. కానీ ఆయన పాదం చెబుతుంది. తన కాలి కింద బ్రేకు లేదని తెలిసీ దారి పొడవునా నొక్కుతూనే ఉంటారు. ఇంటికొచ్చాక పిక్క పట్టేసిందని నూనె అడిగారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక అసలు సంగతి రాస్తున్నాను. నవ్వితే నవ్వు, కానీ జవాబు మాత్రం సరిగ్గా రాయి.

రైల్వే గేటు మీది ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగంలో ముందున్న బళ్లు ఆగాయి. నేనూ ఆపాను. మళ్లీ కదిలించబోతే ఇంజను ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పాను, వెనక్కి జారింది. బ్రేకు తొక్కాను, మళ్లీ ఆగింది. వెనక హారన్లు. చేతులు చెమటతో స్టీరింగ్ మీద జారుతున్నాయి. అంతలో వెనక పెద్ద కారులోంచి ఒకాయన దిగి వచ్చి నా పక్క తలుపు తీశాడు. "దిగండమ్మా, నేను ఎక్కించి ఇస్తాను" అన్నాడు. ఆ మాటకే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన అంతటితో ఊరుకోకుండా, ఇంట్లో మగవాళ్లెవరూ లేరా అన్నాడు, పక్కనే మీ బావ కూర్చుని ఉండగా.

మీ బావ ఏమన్నారో తెలుసా? "ఉన్నానండీ. నాకు రాదు. ఈవిడకు వచ్చు" అన్నారు.

అంత మాట అన్నా నేను దిగిపోయాను తమ్ముడూ. ఆయన నా బండినీ మా ఆయన్నీ పైకి తీసుకెళ్తుంటే నేను ఫ్లైఓవర్ మీద నడుచుకుంటూ వెనకాల వెళ్లాను. ఆ నడక ఇంకా నా కాళ్లల్లోనే ఉంది. అప్పట్నుంచి ఆ ఫ్లైఓవర్ తప్పించి ఊరంతా చుట్టి తిరుగుతున్నాను.

ఎత్తు మీద ఆగిన బండిని ఎలా కదిలించాలి? డ్రైవింగ్ స్కూలు మేడమ్ చెప్పింది నాకు బుర్రకెక్కలేదు. తాతకు దగ్గులు నేర్పడం కాదు ఇది, తాతనే అడిగి నేర్చుకోవడం. రాయి. రాయడం కాదు, రా. పది రోజులు ఉండి వెళ్లు.

అక్క


డిపో వెనక వీధి
శనివారం

అక్కా,

నవ్వలేదు.

ముందు ఈ మాట గుర్తుపెట్టుకో. వెనకవాడి హారన్ నీ బండికి పెట్రోలు పొయ్యదు. వాణ్ణి మోగించుకోనీ. నిండు బస్సుతో ఎత్తు మీద ఆగినప్పుడు నా వెనక ఊరంతా మోగేది. నేను నా పని నేను చేసుకునేవాణ్ణి. తొందరపడ్డావంటే ఆ క్షణం నుంచి బండిని వాడు నడుపుతున్నట్టు, నువ్వు కాదు.

ఇప్పుడు పని. ఎత్తు మీద ఆగగానే హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగు. కింద బ్రేకు మీదనుంచి కాలు తియ్యి. బండి ఎక్కడికీ పోదు. ఊపిరి పీల్చుకో. ముందు బండి కదిలాక ఫస్ట్ గేరు. యాక్సిలరేటర్ కొద్దిగా, ఇంజను గొంతు సవరించుకున్నంత. అప్పుడు క్లచ్ మెల్లగా వదులుతూ రా. ఒకచోట శబ్దం బరువెక్కుతుంది. బండికి ఒళ్లు జలదరించినట్టవుతుంది, ముక్కు కొంచెం పైకి లేస్తుంది. నీ కాలు సరిగ్గా అక్కడ ఆగిపోవాలి. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించు. వెనక్కి వెంట్రుకవాసి కూడా జారదు.

ఇదంతా కాళ్లతో చేసే పని అనుకుంటారు. కాదక్కా, చెవితో చేసే పని. నువ్వు కుట్టుమిషను చప్పుడు విని సూది ఎప్పుడు మొద్దుబారిందో చెప్పేదానివి. ఆ చెవే ఇక్కడా పెట్టు.

బండిలో మూటలేం పెట్టుకోకుండా, జనం లేని ఏటవాలు వీధి ఒకటి చూసుకుని అభ్యాసం చెయ్యి. ఆపు, కదిలించు, మళ్లీ ఆపు. విసుగొచ్చేదాకా కాదు, విసుగు పోయేదాకా.

ఇంకొకటి. ఇంకెప్పుడూ, ఎవరు వచ్చి తలుపు తీసినా దిగకు. అది నీ సీటు.

బావ అన్న మాట బాగుంది. ఆయన కాళ్లకు దణ్ణం పెట్టానని చెప్పు. నూనె నేను పంపిస్తాను.

రావడానికి ఈ నెల కూడా వీలుపడదు. ఏమీ అనుకోకు.

తమ్ముడు


కుట్టుగది
వానలు జోరుగా ఉన్న రోజులు

నాయనా, గురువుగారూ,

ఎక్కాను.

నువ్వు చెప్పినట్టే నీళ్ల ట్యాంకు దగ్గర ఏటవాలు వీధి చూసుకున్నాను. పొద్దున్నే పాలవాళ్లు, పేపరువాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఆపడం, కదిలించడం. నువ్వు రాసిన ఆ "ఒళ్లు జలదరించడం" ఎక్కడుందో మొదటి వారం నాకు చిక్కలేదు. ఒకరోజు కిటికీలు దించుకుని, కళ్లు ఒక్క క్షణం మూసి విన్నాను. దొరికింది. చెవిలో కాదు, వెన్నులో తెలిసింది. దొరికాక ఇంక పోలేదు.

ఇక పెద్ద కబురు. నాటకాల హాలువాళ్లు వేదికకు కొత్త తెర కుట్టమన్నారు. ముదురు ఎరుపు వెల్వెట్. ముక్కలు ముక్కలుగా కుట్టి అక్కడికి తీసుకెళ్లి కలపాలి. అంత బరువు గుడ్డ నా చేతిలోంచి ఎప్పుడూ వెళ్లలేదు. వెనక సీటు మడిచి నింపాను, చాలలేదు. ముందు సీటు కూడా నింపాను. ఇక మీ బావకు చోటేదీ? ఆయన బస్సెక్కారు.

హాలు ఫ్లైఓవర్‌కు అవతల. చుట్టూ తిరిగి వెళ్లే దారి వాననీళ్లు నిలిచాయని మూసేశారు. ఎక్కక తప్పలేదు. సరిగ్గా ఆ సగంలోనే, ఆ రోజు ఆగినచోటే, ముందున్న బళ్లు ఆగాయి. వెనక లారీ. వాన. ఒంటరిగా ఉన్నాను, బండి నిండు గర్భిణిలా ఉంది. హ్యాండ్ బ్రేకు లాగాను. లారీవాడు హారన్ కొట్టాడు. పెట్రోలు పొయ్యదులే అనుకున్నాను, పైకే అన్నాను. ముందు బండి కదిలింది. గొంతు సవరింపు, బరువు, జలదరింపు, దించడం. నా చిన్న బండి అంత వెల్వెట్టునూ నన్నూ మోసుకుని, వెనక్కి వెంట్రుకవాసి జారకుండా పైకెక్కింది. పైనుంచి చూస్తే ఊరంతా తడిసి మెరుస్తోంది. నేను పాడాను తమ్ముడూ. ఏ పాటో నాకే తెలీదు.

తెర కట్టాక హాలు మేనేజరు తాడు నా చేతికే ఇచ్చాడు, మొదటిసారి మీరే తెరవండి అని. తెరిచాను. ఖాళీ కుర్చీల మధ్య మీ బావ ఒక్కరే కూర్చుని ఉన్నారు, బస్సు దిగి తడిసిన చొక్కాతో.

వీటన్నిటికీ మూలం నీ ఉత్తరం. దాన్ని కారులోనే పెట్టుకున్నాను. అది చూస్తుంటే ఒకటి తోచింది, అడుగుతున్నాను. నీ వాక్యాలు కాగితం అంచు దాటిపోతున్నాయి ఏమిటిరా? బస్సు ఫుట్‌పాత్ ఎక్కినట్టు. చివరి అక్షరాలు సగం కాగితం మీద, సగం నీ బల్ల మీద రాసినట్టున్నావు. మొదటి ఉత్తరంలోనూ అంతే. నువ్వు అలా రాసేవాడివి కాదు. అంతా బాగుందా?

అక్క


డిపో వెనక వీధి
మంగళవారం

వదినగారికి,

ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. ఇన్నాళ్లూ చెప్పొద్దన్నారని ఊరుకున్నాను. మీరు అడిగిన ప్రశ్న చదివి వినిపించినప్పుడు ఆయన ముఖం చూశాక ఇంక దాచడం నాకు చేతకాలేదు.

మీ తమ్ముడుగారు బస్సు దిగిపోయి చాలా నెలలైంది వదినా. చలికాలానికి ముందు డిపోలో అందరికీ కళ్ల పరీక్షలు చేశారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది, పక్క చూపు పోతోందని చెప్పారు. కంట్లో ఒత్తిడి పెరిగి అలా అవుతుందట. చుక్కల మందు వేస్తే ఉన్న చూపు నిలుస్తుంది, పోయింది తిరిగి రాదు. అదే రోజు బస్సు తాళాలు తీసుకున్నారు. ఆయన చివరి ట్రిప్పు ఉందా, నడిపేదా అని మాత్రం అడిగారట. లేదన్నారట.

ఇప్పుడు ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. రోజంతా వాటి మధ్య కూర్చుని వస్తారు. ఇంటికి వచ్చేటప్పుడు బస్టాపు ఉన్న వీధిలోంచి రారు, వెనక సందులోంచి వస్తారు. కొత్త డ్రైవర్లకు నేర్పమని సూపర్‌వైజరు రెండుసార్లు అడిగారు. చూపు లేనివాడు నేర్పేదేమిటి, నన్ను నవ్వులపాలు చెయ్యొద్దు అన్నారు.

మీరు "నీ బస్సుకు ఇంకెవర్నో డ్రైవరుగా పెడితే" అని రాసిన రోజు ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. కానీ ఫ్లైఓవర్ సంగతి విన్నాక ఏమైందో చెప్తాను. వెంటనే కాగితం తెమ్మన్నారు. నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చుని కాళ్లతో క్లచ్ తొక్కి చూసుకుంటూ, ఒక్కో మాటే రాశారు. బస్సు దిగాక ఆయన కాళ్లు అలా ఆడటం నేను అదే మొదటిసారి చూడటం. మీరు ఫ్లైఓవర్ ఎక్కిన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. రెండోసారి కళ్లు మూసుకుని విన్నారు.

ఆయన మీద జాలి పడొద్దు వదినా. జాలి పడితే ఆయన ఇంకా లోపలికి వెళ్లిపోతారు. ఏం చెయ్యాలో నాకు తెలీదు. మీకు తెలుస్తుందని రాశాను.

మీ మరదలు


కుట్టుగది
శుక్రవారం

తమ్ముడూ,

మరదలు రాసింది. ఆ పిల్ల మీద కోపం పెట్టుకున్నావంటే నాతో తగువు పెట్టుకున్నట్టే.

నీకు చెప్పకుండా చలికాలమంతా నేను కారు నేర్చుకున్నాను. నాకు చెప్పకుండా చలికాలమంతా నువ్వు సామాన్ల గదిలో కూర్చున్నావు. అక్కాతమ్ముళ్లం బాగానే ఉన్నాం. లెక్క సరిపోయింది, ఇంక ఆ ఊసు వద్దు.

పక్క చూపు పోయిందట. సరే. నేను బండి నేర్చుకున్నది నీ పక్క చూపుతో కాదు. నువ్వు నాకు కొన్ని గంటల ప్రయాణమంత దూరంలో కూర్చుని, నన్ను చూడకుండా, నా బండిని చూడకుండా, ఆ ఫ్లైఓవర్ ముఖం చూడకుండా నేర్పావు. నేను ఎక్కాను. ఇందులో కన్ను పనేముందో నువ్వే చెప్పు.

వచ్చే ఆదివారం నేను మీ ఊరు వస్తున్నాను. కారులో. మీ ఊళ్లో ఒక పెద్ద దుకాణంవాళ్లు నా కుట్టు చూస్తామన్నారు, నమూనాలు తెస్తున్నాను. ఇంత దూరం ఎప్పుడూ నడపలేదు. మీ ఊరి రోడ్లు నాకు తెలీవు, మీ బావకు అంతకన్నా తెలీవు. ఆ వీధులన్నీ నీ అరచేతిలో ఉన్నాయి. దారి నువ్వే చెప్పాలి.

వద్దనకు. వద్దన్నా వస్తాను. వచ్చి మీ డిపో గేటు ముందు ఆపి, అందరూ వినేలా హారన్ కొట్టి, మా తమ్ముడెక్కడని అడుగుతాను. తలుపు తీసుకుని నువ్వే బయట ఉంటే మనిద్దరికీ మర్యాద.

అక్క


డిపో వెనక వీధి
ఆదివారం

అక్కా,

నేను చెబుతుంటే మీ మరదలు రాస్తోంది. మధ్యలో తన సొంత కవిత్వం చేరుస్తోందేమోనని అనుమానంగా ఉంది. (చేర్చడం లేదు వదినా.)

నువ్వు ఉన్నన్ని రోజులూ చెప్పలేకపోయినవి ఇప్పుడు చెబుతున్నాను. ఎదురుగా ఉంటే నోరు రాదు, నీకు తెలుసు.

నువ్వొచ్చిన రోజు నేను పొద్దుట్నుంచి గుమ్మంలోనే ఉన్నాను. కోపంగానే ఉన్నాను. నిన్ను లోపలికి రమ్మని, అన్నం పెట్టి, కారు మాత్రం ఎక్కకూడదనుకున్నాను. వీధి మలుపులో చిన్న ఇంజను వినపడింది. ముందు వేగం తగ్గింది. తర్వాత గేరు దిగింది. ఆ తర్వాతే బ్రేకు. కుదుపు లేదు. మా డిపోలో నన్ను మెత్తబ్రేకు అంటారు, నిలబడ్డ ముసలమ్మ చేతిలో టీ గ్లాసున్నా తొణకకుండా ఆపుతానని. నా గుమ్మం ముందు బండి అలా ఆగింది. తలుపు టప్పుమంది. దిగింది నువ్వు. నాకు ఏమైందో చెప్పలేనక్కా. నా బస్సు ఇంటికొచ్చినట్టనిపించింది.

అయినా నేను ఎక్కనన్నాను. నువ్వు బతిమాలలేదు. "నువ్వు తోలిన దారి చూపించు, స్టేషన్ నుంచి పాత మార్కెట్ దాకా" అని తలుపు తీసి పట్టుకుని నిలబడ్డావు. బావ చప్పుడు చెయ్యకుండా వెళ్లి వెనక కూర్చున్నారు. ఆయనకు అది ఎంత హాయిగా ఉందో ఆయన నిట్టూర్పులోనే తెలిసింది.

నా దారిలో నేను పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. కింది నుంచి చూస్తే ఆ వీధులు వేరేగా ఉన్నాయి. బడి దగ్గర పిల్లలు చూడకుండా దాటుతారన్నాను, నీ కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది. థర్డ్ గేరులోకి మారమన్నాను, అనేలోపే మార్చావు. మనిద్దరం ఒకే శబ్దం వింటున్నాం.

పాత మార్కెట్ మలుపులో నువ్వు ఉన్నట్టుండి ఆపేశావు. ఎందుకని అడిగాను.  నా పక్కనుంచి ఒక తోపుడుబండి వచ్చి మన ముందు నుంచి వెళ్లింది. అది నా ముఖానికి ఎదురుగా వచ్చేదాకా నాకు కనిపించలేదు. అది నా వైపునుంచే వచ్చింది.

 బస్సు తాళాలు తీసుకున్నవాళ్ల మీద నెలల తరబడి పెంచుకున్న కోపం అక్కడ దిగిపోయింది. వాళ్లు చేసింది సరైనదే. ఆ రోజు నువ్వన్న మాట నేను ఎవరికి చెప్పినా అలాగే చెబుతున్నాను.

"పక్కచూపు నేను చూసుకుంటాను. చెవి నువ్వు పెట్టు. ఎవరి పని వాళ్లది, పద."

అంతే. మళ్లీ ఫస్ట్ గేరు వేశావు.

ఆ తర్వాత డిపో గేటు దగ్గర జరిగింది నీకూ తెలుసు, అయినా నా నోటితో చెప్పుకోవాలని ఉంది. వెనకే వచ్చిన బస్సు డ్రైవరు తల బయటపెట్టి "మెత్తబ్రేకన్నా, ఎవరు నడిపేది?" అని అరిచాడు. మా అక్క అన్నాను. అంత గట్టిగా నేను ఏ మాటా అనలేదు ఈ మధ్య. ఎవరు నేర్పారని అడిగాడు. నువ్వు నా వైపు వేలు చూపించి, "ఇతనే. ఉత్తరాల్లో" అన్నావు. గేటు దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. నన్ను చూసి కాదు, నాతో కలిసి. సూపర్‌వైజరు నవ్వలేదు. నీ చేత బండి వెనక్కీ ముందుకీ నడిపించి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయాడు.

నువ్వు వెళ్లిన మర్నాడు నేనే ఆయన గదికి వెళ్లాను. సామాన్ల గది తాళం ఆయన బల్ల మీద పెట్టాను. నేర్పిస్తాను, కానీ రోడ్డు మీద కాదు, డిపో మైదానంలోనే, పక్కన చూపున్న డ్రైవరు ఒకరు ఉండాలి అన్నాను. ఇలా షరతు పెట్టడానికి నాకు సిగ్గేసిందనుకుంటావేమో. వెయ్యలేదు.

నిన్న మొదటి రోజు. కొత్తగా చేరిన ఆడవాళ్లు, మగవాళ్లు, అందరికీ లారీల అనుభవం ఉంది, అందరూ నన్ను తాతలా చూశారు. ఇంజను స్టార్ట్ చేయించి, గేరు ముట్టుకోకుండా కళ్లు మూసుకుని వినమన్నాను. నవ్వుకున్నారు. తర్వాత ఒకరి చేత ఫస్ట్ గేరు వేయించి, ఇంజను శబ్దం మారడం విని ఎప్పుడు క్లచ్ పట్టుకుంటుందో చేయి ఎత్తి చెప్పమన్నాను. ఒక్కరూ సరిగ్గా ఎత్తలేదు. సాయంత్రానికి ఒకమ్మాయి ఎత్తింది. ఆ అమ్మాయి ముఖం చూడాల్సింది అక్కా. నేను ఎదురుగానే నిలబడ్డాను, మొత్తం కనిపించింది.

ఇంటికి బస్టాపు వీధిలోంచి వచ్చాను.

నీ తమ్ముడు

(ఇది నా మాట వదినా. చొక్కా కూడా కొత్తది కొనుక్కున్నారు.)


కుట్టుగది
మబ్బులు విడిచిన రోజు

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. తోపుడుబండి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. తర్వాత ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "మీ వాడు మంచి మాస్టారవుతాడు" అన్నారు. అవుతాడేమిటి, అయ్యాడు అన్నాను. టైపు మాస్టారుగారికీ, డ్రైవింగ్ స్కూలు మేడమ్‌కీ, నాటకాల హాలు మేనేజరుకీ చెప్పేశాను, మా తమ్ముడు బస్సు డ్రైవర్లను తయారుచేస్తాడని. అడగనివాళ్లకు కూడా చెబుతున్నాను.

మీ ఊరి దుకాణంవాళ్లు నా కుట్టు నచ్చిందన్నారు. అంటే రెండు నెలలకోసారైనా నేను మీ గుమ్మం ముందు తలుపు టప్పుమనిపిస్తాను.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. ఈ మధ్యాహ్నం గుడ్డల బజారు వెనక సందుకు వెళ్లాను. నీకు తెలుసు కదా, అక్కడ సైకిలు పెట్టడానికే చోటుండదు. బండి పట్టేంత ఖాళీ ఒక్కటి దొరికింది, పాల వ్యానుకూ కరెంటు స్తంభానికీ మధ్య. నాకన్నా ముందు ఒక పెద్ద కారాయన వచ్చి, ముందుకీ వెనక్కీ ఊగి ఊగి, స్తంభాన్ని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. నేను వ్యాను పక్కదాకా వెళ్లి ఆగాను. అద్దాలు చూశాను, మెడ తిప్పి వెనక చూశాను. రివర్సు గేరు వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చెవి పెట్టి, మెల్లగా వెనక్కి వచ్చాను. ఒక్కసారికే. దిగి చూస్తే అటు జానెడు, ఇటు జానెడు. స్కేలు పెట్టి గీసినట్టుంది.

చుట్టూ చూశాను. దుకాణాలవాళ్లంతా భోజనానికి పోయారు. సందులో నరపురుగు లేదు. గోడ మీద పిల్లి ఒకటి ఉంది, అది కూడా అటు తిరిగి కూర్చుంది.

ఇంత గొప్ప పని జరిగితే చూసినవాళ్లు ఒక్కరూ లేరు తమ్ముడూ. అందుకే నీకు రాస్తున్నాను.

నీ అక్క